కెమిస్ట్రీ వాళ్లకు డేటా అనాలిసిస్ అడిగే రీసెర్చ్ పోస్టులు: కోర్సు చేరాలా?

పాలమూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నా, పట్నం రీసెర్చ్ సంస్థల నోటిఫికేషన్లన్నిట్ల ‘డేటా అనాలిసిస్ వచ్చి ఉండాలి’ అంటున్నరు, అమీర్‌పేటల డేటా సైన్స్ కోర్సు చేరాల్నా అని అడిగినవ్ కదా తమ్మీ. నాది నల్లగొండ, నేనూ కెమిస్ట్రీనే. భూగర్భజలాల ప్రాజెక్టుల పనిచేసిన. ఆ ఫీజు పైసలు ఇంట్లనే ఉంచు.

నన్ను తీసుకున్న ఇంటర్వ్యూల బోరు నీళ్ల ఫ్లోరైడ్ షీట్ ఒకటి ముందర పెట్టి, సగటు ఎట్ల తీస్తవ్ అన్నరు. అంకెల నడుమ అక్కడక్కడ ‘బీడీఎల్’ అని ఉంది, అంటే మిషన్‌కు అందనంత తక్కువ. ఆ గడులు కొట్టేస్తే సగటు పెరుగుతది, సున్నా వేస్తే తగ్గుతది. తాగునీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆ గీత దగ్గర ఉన్న ఊరైతే ఇంత చిన్న తేడాకే ఇటుదటు అయితది. బీడీఎల్‌లు సగం కన్నా తక్కువే ఉన్నయి కాబట్టి మీడియన్, అంటే అంకెలన్నీ వరుసల పెడితే నడుమ వచ్చేది, చెప్తా అన్న. ఇంక అడిగిందంతా దాని చుట్టే. సర్టిఫికెట్ ముచ్చటే రాలేదు.

ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో, ఉచితమే. ఓపెన్ డేటా తెలంగాణ పోర్టల్‌ల భూగర్భజల మట్టాలు దొరుకుతయి, మీ జిల్లావే దించుకో. అసలు తిప్పలు అక్కడ ఎదురైతయి. 2016 అక్టోబరుల జిల్లాలు విడగొట్టినంక పాత మహబూబ్‌నగర్ మండలాలు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల కిందికి పోయినయి. నారాయణపేట 2019ల మళ్లీ వేరయింది. పాత షీట్‌ను కొత్తదానితో జిల్లా పేరు పెట్టి కలుపు చూడు, సగం మండలాలు గాయబ్. ఇంగ్లిష్ స్పెల్లింగుల సంగతి చెప్పనే వద్దు, ఒకే ఊరు రెండు షీట్లల్ల రెండు తీర్లు ఉంటది. అవన్నీ సరిచేసిన స్క్రిప్టు, ఒకట్రెండు గ్రాఫులు, ఏం చేసినవో ఎందుకు చేసినవో ఒక పేజీ. ఇంటర్వ్యూకు అది పట్టుకపో.

ఉప్పల్‌ల ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన), తార్నాకల ఎన్‌ఐఎన్ (పోషకాహారం), ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ), పటాన్‌చెరుల ఇక్రిశాట్ (మెట్ట పంటలు), వీటి వెబ్‌సైట్లు వారం వారం చూస్తుండు. ఎక్కువ ప్రాజెక్టు పోస్టులే. ప్రాజెక్టు అయిపోతే కొలువు అయిపోతది, కాబట్టి ఇంట్లోళ్లకు గవర్నమెంట్ నౌకరి అని చెప్పకు, చుట్టాలందరికీ చెప్పేస్తరు! నెట్ (నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్) ఉండి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, హెచ్ఆర్ఏ వేరే. అందుకే నెట్ మాత్రం వదలకు, కోర్సుకు పెట్టే టైం దానికి పెట్టు.

ఇంకోటి, ఆఖరి సెమిస్టర్ వాళ్లను కొన్ని చోట్ల రానిస్తరు, కొన్ని చోట్ల గేటు కాడి నుంచే పంపుతరు. రిజల్ట్ రానోళ్లు రావచ్చా లేదా నోటిఫికేషన్‌ల చూసుకున్నంకనే బస్సెక్కు.