మక్తల్ నుంచి గువాహటికి పంపాలా?

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర పల్లె. నా బిడ్డ మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ మ్యాథ్స్ చదివింది. మాకు చెప్పకుండా జామ్ పరీక్ష, అదే ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల కోసం పెట్టేది, రాసింది. ఇప్పుడు గువాహటి ఐఐటీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా రమ్మంటున్నారు, తర్వాత బీఎడ్ చేయొచ్చు. నేను పన్నెండేళ్లు పుణెలో బిల్డింగ్ పని చేసినవాణ్ని. పరాయి ఊరి కష్టం నాకు తెలుసు. బిడ్డనడిగితే 'మీ ఇష్టం నాన్నా' అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ముందు ఆ 'మీ ఇష్టం' సంగతి చూద్దాం. మన ఇళ్లల్లో ఆడపిల్లలు చాలాసార్లు ఆ మాట ఇంట్లో గొడవెందుకని అంటారు. ఫారం నింపి, ఫీజు కట్టి, పరీక్ష రాసి వచ్చిన పిల్ల తన జవాబు పరీక్ష రాసిన ఫిబ్రవరిలోనే చెప్పేసింది.

మీ భయం ఉత్తది కాదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఎన్ని ప్రాజెక్టుల్లో మనవాళ్ల చెమట ఉందో లెక్కలేదు. కానీ మీరు పుణె పోయింది ఇక్కడ బతుకు గడవక. ఆమె పోతానంటున్నది గెలుచుకున్న సీటుకు. తలుపున్న హాస్టల్ గది ఉంటుంది, కష్టమొస్తే చెప్పుకునే వార్డెన్ ఉంటారు. నచ్చకపోతే తిరిగొచ్చేయొచ్చు. మీ వలసను ఆమె చదువుకు కొలబద్దగా పెట్టకండి.

ఒక్క లెక్క చూడండి. బీఎడ్ కోసం ఎడ్‌సెట్ ఏటా ఉంటుంది, రెండేళ్ల తర్వాతైనా రాయొచ్చు. జామ్ స్కోరు మాత్రం ఈ ఒక్క ఏడాదికే. టీచరు కావాలన్నా ఎమ్మెస్సీ వృథా పోదు. బీఎస్సీ, బీఎడ్‌తో డీఎస్సీ రాసి స్కూల్ అసిస్టెంట్ కావచ్చు కానీ, జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ ఉండాల్సిందే. పరిశోధన వైపు మనసు పోయి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. అక్కడి కోర్సు మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ కాబట్టి సాఫ్ట్‌వేర్ దారి కూడా మూసుకుపోదు.

అంతా సాఫీగా ఉంటుందని మాత్రం చెప్పను. మొదటి సెమిస్టర్ గట్టిగా కొడుతుంది. ఇక్కడ ఫస్ట్ వచ్చిన పిల్ల అక్కడ మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఇంగ్లిష్ లెక్చర్లు తలకెక్కవు, మెస్‌లో జొన్నరొట్టె కలలోకే. మూడో వారం ఫోన్ చేసి ఏడుస్తుంది. అప్పుడు 'వచ్చెయ్ బిడ్డా' అనడం మీకు చాలా తేలిక. ఆ మాటొక్కటి దీపావళి దాకా ఆపుకోండి.

డబ్బు విషయానికొస్తే, పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఇలాంటి సంస్థల్లో చదివేవాళ్లకు తాకట్టు, హామీదారు లేకుండా బ్యాంకు రుణం ఇస్తారు. పొలం కాగితాలు బయటికి తీయనక్కర్లేదు. ఐఐటీలోనూ స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, చేరిన రోజే అడిగి దరఖాస్తు పెట్టించండి.

ఆమెకు లెక్కలంటే ఇష్టం లేకుండా, ఐఐటీ పేరు చూసి మాత్రమే పోతానంటే నేనూ వద్దనేవాణ్ని. అదొక్కటి నేరుగా అడగండి, చుట్టాలెవరూ లేనప్పుడు. సీటు ఫీజు కట్టే ఆఖరి తేదీ ఆమె ఫోన్లోనే ఉంటుంది, ఈ రాత్రే చూడండి. పంపాలనుకుంటే సికింద్రాబాద్ నుంచి రైల్లో దాదాపు రెండు రోజుల ప్రయాణం. టికెట్ రెండు సీట్లకు తీయండి. మీరు మొదటిసారి పుణె పోయినప్పుడు దిగబెట్టడానికి ఎవరూ వచ్చి ఉండరు.