నేర్చుకుంటున్న దశలోనే అలసట

ప్రశ్న: డిగ్రీ పూర్తిచేసి, 8 నెలలుగా ఇంటివద్దే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. రోజుకు 12 గంటలు చదివినా నిన్నటిది ఈరోజు గుర్తుండడం లేదు. ల్యాప్‌టాప్ తెరవాలంటేనే విసుగు కలుగుతోంది. ఈ రంగానికి నేను పనికిరానా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ఇవి అసమర్థతకు గుర్తులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ బర్నవుట్‌ను, అంటే పనిలో పూర్తిగా అలసిపోయే స్థితిని, రోగంగా కాక, అదుపులోకి రాని దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగా పేర్కొని, శక్తి ఉడిగిపోవడం, పనిపట్ల విముఖత, చేసేది ఫలించడం లేదన్న భావన అనే మూడు లక్షణాలను చెప్పింది. ఆ నిర్వచనం ఉద్యోగులకు సంబంధించినదే అయినా, ఉద్యోగం కోసం చదివేవారిలోనూ ఇటువంటి స్థితే కనిపిస్తుంది.

నేర్చుకున్నది మెదడులో స్థిరపడడానికి నిద్ర అవసరం కనుక, నిద్రను తగ్గించి పెంచిన గంటలు చాలావరకు వృథా అవుతాయి. నా అభిప్రాయంలో 4 గంటల ఏకాగ్రత చాలు. అందులోనూ వీడియోలు చూడడం తగ్గించి, చిన్నదైనా సొంతంగా ఏదో ఒకటి రాయండి. ఉదాహరణకు, మన నెల్లూరు ప్రాంతంలో ధాన్యం పుట్టి లెక్కన, అంటే 850 కిలోల చొప్పున అమ్ముతారు కదా. క్వింటాలు ధర ఇస్తే పుట్టి ధర చెప్పే ప్రోగ్రాము రాసి, మీ ఇంట్లో వ్యవసాయం తెలిసినవారికి చూపించండి. వారు అడిగే మార్పులే మీకు తరువాతి పాఠాలవుతాయి.

"ఉద్యోగం ఎప్పుడు?" అని బంధువులు పదేపదే అడుగుతుంటే, ఆ బాధను అమ్మానాన్నలతో దాచకుండా చెప్పండి. వారానికి ఒక రోజు చదువును పూర్తిగా పక్కన పెట్టండి. రెండు వారాల విశ్రాంతి తరువాత కూడా నిద్రలేమి, దిగులు తగ్గకపోతే, కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ అనే ఉచిత మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.