టైరు లోపలి అంచు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడు కారు పందేలకు వెళ్తాడట, నువ్వైనా చెప్పు" అని ఏడ్చినంత పని చేసింది. దాన్ని ఆటోక్రాస్ అంటారమ్మా, మైదానంలో కోన్లు పెట్టి ఒక్కొక్క కారునే వదులుతారు, గడియారంతోనే పోటీ, పక్కన ఇంకో బండి ఉండదు అని అరగంట సర్దిచెప్పాను. ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. సగం భయం వల్ల. మిగతా సగం ఏమిటో చెప్పను, చెబితే నెత్తికెక్కుతావు. వరంగల్ ములుగు రోడ్డులో ముప్పై రెండేళ్లు చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ షాపు నడిపాను. మన ఇంట్లో ఒక్కరైనా "మామయ్యా, ఈ చక్రం ఎందుకిలా అరిగింది" అని అడిగిన పాపాన పోలేదు. నువ్వు అడిగావట, అదీ ఎవరినో ఫోన్‌లో. నన్ను అడగడానికి ఏమైంది?

తెలిసిన మాటలు తొందరగా చెప్పేస్తాను. మన దేశ మోటారు పోటీల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సిఐ అనుమతి ఉన్న పోటీకే వెళ్లు. హెల్మెట్ తలకు సరిపోవాలి. కారులో నీళ్ల సీసా, చెప్పులు, జాకీ, స్టెప్నీ ఏవీ వదులుగా ఉండకూడదు. వీల్ నట్లు చేత్తో చూసి సరే అనుకోకుండా బిగువు కొలిచే టార్క్ పానాతో బిగించు. బ్రేక్ ఆయిల్ పాతదైతే మార్పించు.

ఇక అసలు సంగతి. నీ స్విఫ్ట్‌కు ముందు స్ట్రట్లు (చక్రాన్ని మోసే స్ప్రింగు స్తంభాలు), వెనుక రెండు చక్రాలనూ కలిపే బీమ్ యాక్సిల్. వెనుక చక్రాల కోణాలు మార్చడానికి కంపెనీ నట్టూ బోల్టూ ఏమీ ఇవ్వలేదు, అయినా మొదట వెనుక చక్రాలే కొలిపించు. ఎప్పుడైనా గుంతలో పడి ఆ బీమ్ వంగి ఉంటే, ముందు చక్రాలు ఎంత చక్కగా పెట్టినా కారు ఎండ్రకాయలాగా పక్కవాటుగా నడుస్తుంది. ఆ తర్వాత టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) ఎండ్లు, లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు చూడు. చక్రాన్ని జాకీ మీద లేపి, రెండు చేతులతో పట్టుకుని ఊపితే కటకటమందంటే అలైన్‌మెంట్ చేయించుకోవడం దండగ. మా దగ్గరికి వచ్చే పదిమందిలో ఆరుగురు అరిగిపోయిన బుష్‌లతోనే వచ్చేవారు. మిషన్ తెరమీద అంకెలు పచ్చగా కనిపిస్తే చాలని సంతోషపడి వెళ్లిపోయేవారు. గేటు దాటేలోపే ఆ అంకెలు మారిపోయేవి.

మిషన్ అంటే గుర్తొచ్చింది. నేను పని నేర్చుకున్నప్పుడు మిషన్ లేదు, దారం ఉండేది. మీ తాతయ్య ఆజంజాహీ మిల్లులో పనిచేసేవాడు కదా, ఆయన తెచ్చిన గట్టి నూలు దారాన్ని మా ఉస్తాద్ అంబాసిడర్‌కు రెండు పక్కలా, చక్రాల నడిమి ఎత్తులో, సరిసమానంగా లాగి కట్టేవాడు. ఆ దారం నుంచి రిమ్ ముందు అంచుకు ఎంత, వెనుక అంచుకు ఎంత అని స్కేలు పెట్టి చూడాలి. ఆ రెండు కొలతల తేడాయే టో. ముందు అంచులు దగ్గరగా ఉంటే టో-ఇన్, విచ్చుకుని ఉంటే టో-అవుట్. నేను ఒకసారి దారాన్ని మోకాలితో తాకాను, ఆ రోజు తిన్న మొట్టికాయ ఇప్పటికీ వర్షాకాలంలో నొప్పి పెడుతుంది. నీకూ ఆ దారం పని నేర్పిస్తాను. మైదానంలో మిషన్ దొరకదు, దారం దొరుకుతుంది.

నువ్వేం చేయబోతున్నావో మీ అమ్మ సగం సగం చెప్పినా నాకు అర్థమైంది. టో విప్పి, కారు మలుపులోకి చురుగ్గా తిరిగేలా చేద్దామని కదూ? ఎవరో చెప్పి ఉంటారు. అబద్ధం చెప్పలేదు. కొంచెం టో-అవుట్ ఇస్తే స్టీరింగ్ తిప్పీ తిప్పగానే ముక్కు లోపలికి వస్తుంది. కాబట్టి ఇప్పుడు నీకొక సంగతి చెప్పాలి. మీ అమ్మకు తెలియదు. మీ నాన్న ఇది తెలియకుండానే పోయాడు.

2005 చివర మీ నాన్న పాత ఎస్టీమ్ కారు కొన్నాడు. టైర్లు అప్పటికే సగం అరిగినవి. "బావా, స్టీరింగ్ బద్ధకంగా ఉంది" అన్నాడు. షాపులో నలుగురు కస్టమర్లు నిలబడి ఉన్నారు. నా పనితనం చూపించాలనిపించింది. ముందు చక్రాలు రెండూ కలిపి మూడు మిల్లీమీటర్లు విప్పాను. స్ట్రట్ బోల్టుల సందులో ఎంత జరిగితే అంత పైభాగం లోపలికి వంచి నెగటివ్ క్యాంబర్ కూడా ఇచ్చాను. మీ నాన్న హనుమకొండ చౌరస్తా మీదుగా కాజీపేట దాకా వెళ్లి వచ్చాడు. దిగేటప్పుడు ఆ ముఖం చూడాల్సింది. "బావా, దీనికి ప్రాణం పోశావు" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి చెప్పాల్సింది చెప్పలేదు: ఇది సరదాకు పెట్టింది, వారంలో తీసుకురా, మామూలుగా పెడతాను అని.

మూడు మిల్లీమీటర్లంటే ఎంత? ఒక్కో చక్రానికి ఒకటిన్నర. రెండు మూడు గోళ్ల మందం అనుకో. కానీ ఆ లెక్కన కిలోమీటరు నడిస్తే ఒక్కో టైరు దాదాపు నాలుగు మీటర్లు పక్కకు ఈడ్చుకున్నట్టు. ఇక్కడి నుంచి హైదరాబాద్ సుమారు నూట నలభై అయిదు కిలోమీటర్లు. వెళ్లేసరికి దాదాపు ఆరు వందల మీటర్లు టైరు రోడ్డుమీద అడ్డంగా రాసుకున్నట్టే. మీ నాన్న అప్పుడు వారానికి రెండు మూడుసార్లు హైదరాబాద్ వెళ్లి వస్తున్నాడు. రెండు నెలలు తిరిగాడు.

2006 ఫిబ్రవరిలో మేడారం జాతర. నీకు నాలుగేళ్లు. నీ ఎత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు) ఇస్తామని మీ అమ్మ మొక్కుకుంది, డిక్కీలో బెల్లం మూటలు. బయలుదేరే ముందు షాపు దగ్గర ఆపారు. గాలి నింపాను. టైర్లు నిలబడి చూశాను. బయటి వైపు గ్రిప్పు నిండుగా కనిపించింది. "దర్జాగా వెళ్లి రండి" అన్నాను. ముప్పై రెండేళ్ల పనిలో నేను వంగకుండా చూసిన టైరు అదొక్కటే అని చెప్పలేను గానీ, నిద్రలో గుర్తొచ్చేది మాత్రం అదే.

ములుగు దాటి పస్రా చేరకముందే ఎడమ ముందు టైరు పగిలింది. కారు ఎడమకు లాక్కుపోయి రోడ్డు దిగి పొలం గట్టుకు కొట్టుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మీ అమ్మ గాజులు పగిలి చేతికి గీసుకున్నాయి. నేను జీపు తీసుకుని వెళ్లేసరికి నువ్వు గట్టుమీద కూర్చుని, బెల్లం మట్టిలో పడిందని ఏడుస్తున్నావు. నేను టైరు ఊడదీసి తిప్పి చూశాను. బయటివైపు మూడు వేళ్ల వెడల్పు బాగానే ఉంది. లోపలి వైపు గుండులాగా నున్నగా ఉంది. ఆ చివరన రబ్బరు లేనే లేదు, ఉక్కు తీగలు కుచ్చులాగా బయటికి వచ్చాయి. మీ నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "రాయి తగిలి ఉంటుంది బావా" అన్నాడు. నేను తలూపాను.

అందుకే నీకు ఇంత పొడుగు ఉత్తరం. సరే, కళ్లు తుడుచుకుని పనిలోకి వద్దాం.

నువ్వు అదే కారులో రోజూ ఆఫీసుకు వెళ్తావు. కాబట్టి ముందు చక్రాల టో సున్నా పెట్టు. మలుపు చురుకుదనం క్యాంబర్‌లో వెతుక్కో. స్ట్రట్ బండి మలుపులో పక్కకు ఒరిగితే బయటి చక్రం నిటారుదనం పోగొట్టుకుని టైరు బయటి భుజం (గ్రిప్పు అంచు) మీద నిలబడుతుంది. ఒక్కరోజు ఆటోక్రాస్‌తో ఆ భుజం పెచ్చులు లేవడం అందుకే. ఒకటిన్నర డిగ్రీ దాకా నెగటివ్ క్యాంబర్ ఇస్తే ఆ బాధ చాలా తగ్గుతుంది. జనం లోపలి అరుగుదలకు క్యాంబర్‌ను తిడతారు. అది నెమ్మదిగా తింటుంది. టో ఆబగా తింటుంది. క్యాంబర్ కదిపితే టో కూడా దానంతట అదే కదులుతుంది, కనుక టో ఎప్పుడూ ఆఖరున చూడాలి. క్యాంబర్ బోల్టు వేశాక టో చూడకుండా పంపే షాపువాడికి నా పేరు చెప్పు, నాలుగు చీవాట్లు పెడతాను.

గాలి సంగతికి సుద్దముక్క చాలు. టైరు భుజం మీద గీతలు గీసి ఒక రౌండు తిరిగి రా. భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సుద్ద దాన్ని దాటి చెరిగిపోతే గాలి తక్కువ, ఆ గుర్తుకు చాలా పైనే ఆగిపోతే ఎక్కువ. రౌండ్లు తిరిగేకొద్దీ టైరు వేడెక్కి గాలి పెరుగుతుంది, మళ్లీ మళ్లీ చూసుకో. మట్టి మైదానమైతే ఈ లెక్కలు వేరు, అప్పుడు వేరే ఉత్తరం రాస్తాను.

అరచేతిని కూడా నమ్ము. టైరు మీద అడ్డంగా, బయటి నుంచి లోపలికి నిమురు. తర్వాత లోపలి నుంచి బయటికి. లోపలికి నున్నగా పోయి, బయటికి వచ్చేటప్పుడు రంపంలాగా తగిలితే టో-ఇన్ ఎక్కువ. బయటికి నున్నగా వస్తే టో-అవుట్. కంటికి కనబడక ముందే చేతికి తెలుస్తుంది. తీగలు ఉంటే చెయ్యి కోసుకుపోతుంది, ముందు టార్చి వేసి చూడు.

స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పితే ముందు టైరు లోపలి అంచు కనిపిస్తుంది. వెనుకవాటికి కింద పడుకోవాల్సిందే, చొక్కా మాసినా సరే. పోటీకి వెళ్లేముందు, ప్రతి రెండు రౌండ్లకు, ముఖ్యంగా సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు. రోజంతా కోన్ల చుట్టూ నలిగిన టైర్లతో రాత్రి హైవే మీద వరంగల్ రావడం, నాకు పోటీకన్నా అదే భయం. గ్రిప్పు 1.6 మిల్లీమీటర్ల గుర్తు దగ్గరికి వచ్చిందంటే అక్కడే లాడ్జిలో పడుకుని పొద్దున టైరు కొను. డబ్బు నేను పంపిస్తాను. మీ అమ్మకు చెప్పకు.

ఎప్పుడైనా పోటీ కోసం టో విప్పావంటే, ముందే టై రాడ్ మీద, లాక్ నట్ మీద రంగుతో గీత పెట్టు. ఎన్ని చుట్లు తిప్పావో కాగితం మీద రాసి స్టీరింగ్‌కు కట్టు. అదే మైదానంలో వెనక్కి తిప్పి, లాక్ నట్ బిగించి, దారంతో కొలిచాకే గేటు దాటాలి.

వచ్చే ఆదివారం కారు తీసుకుని రా. షాపు ఇప్పుడు నాది కాకపోయినా, ఆ కుర్రాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ఉదయం రెండు గంటలు మనకు వదిలేస్తాడు. పెట్రోలు సగం ట్యాంకు ఉంచు. నువ్వు నాతోపాటు కింద కూర్చుని కొలవాలి కాబట్టి, డ్రైవరు సీటులో నీ బరువుకు సమానంగా ఇసుక మూటలు పెట్టాలి. అప్పుడు పదిహేను కిలోల బెల్లం సరిపోయింది. ఇప్పుడు ఎంత ఉన్నావో ఫోన్ చేసి చెప్పు, తగ్గించి చెప్పకు.

మీ మామయ్య