జాతకం ఎక్కడ ఆగింది?

ప్రశ్న: కాల్దెరోన్ స్పానిష్ నాటకం ‘జీవితం ఒక కల’లో పోలండ్ రాజు బసీలియో, కొడుకు క్రూరుడై తనను పాదాక్రాంతుణ్ణి చేస్తాడని జాతకంలో చూసి, బిడ్డను కోటలో బంధిస్తాడు. చివరికి అలాగే జరిగింది. తలరాత తప్పదనేగా అర్థం?

జవాబు: కాదు. మూడో అంకం చివర ఓడిన రాజు కొడుకు పాదాల ముందు పడతాడు. జోస్యం అంతవరకే. తర్వాత ఆ కొడుకు, సెహిస్ముందో, తండ్రిని లేవదీసి, తానే ఆయన ముందు మోకరిల్లుతాడు. అది ఏ గ్రహమూ చెప్పలేదు.

మొదటి అంకంలో బసీలియో చేసే సుదీర్ఘ ప్రసంగం మళ్లీ చదవండి. ఎంత చెడ్డ గ్రహమైనా మనసును ఒకవైపు మొగ్గించగలదేగానీ బలవంతం చేయలేదని ఆయనే అంటాడు. కాల్దెరోన్ మాడ్రిడ్‌లో జెస్యూట్లనే కాథలిక్ సన్యాసుల దగ్గర చదివినవాడు. స్వేచ్ఛాసంకల్పం కోసం ఆ కాలంలో గట్టిగా వాదించింది వాళ్లే. ఇంత తెలిసీ రాజు బిడ్డను సంకెళ్లతో, జంతుచర్మాలు కప్పి పెంచాడు. అలాంటివాడికి మత్తుమందిచ్చి, ఉన్నట్టుండి రాజభవనంలో నిద్రలేపితే నౌకరును బాల్కనీలోంచి విసిరేశాడు. అలా పెంచితే సాధుస్వభావుడు కూడా మృగమవుతాడని సెహిస్ముందోనే చివర్లో నిలదీస్తాడు.

నాటకానికి అసలు మలుపు తండ్రీకొడుకుల యుద్ధం కాదు, దానికి ముందు, ప్రేమలో మోసపోయి పరువు కోసం పోరాడుతున్న రోసౌరా ఒంటరిగా అతని దగ్గరికి వచ్చే ఘట్టం. ఆమె మీద కోరిక ఉంది, అడ్డుకునేవాళ్లు లేరు. అయినా మానం తీయడం కాదు, నిలపడమే రాజకుమారుడి పని అనుకుని ఆమె వైపు చూడకుండా వెళ్లిపోతాడు. నా దృష్టిలో విధి ఓడింది అక్కడే.

ప్రశ్న: రోసౌరాను మోసం చేసిన అస్తోల్ఫో, అంటే బసీలియో మేనల్లుడికే చివర్లో ఆమెను కట్టబెట్టడం న్యాయమా?

జవాబు: మన కళ్లకు కాదు. కానీ 17వ శతాబ్దపు స్పానిష్ రంగస్థలం మీద గౌరవమంటే లోకం దృష్టిలో పరువు. పోయిన పరువు తిరిగి రావాలంటే పెళ్లి, లేదా రక్తం. రోసౌరా రెండోదానికీ సిద్ధపడే కత్తితో వచ్చింది. అస్తోల్ఫో అభ్యంతరం కూడా ప్రేమ గురించి కాదు, ఆమె తండ్రెవరో తెలియదని. నా కూతురేనని, సెహిస్ముందోకు కాపలా ఉన్న క్లొతాల్దో చెప్పగానే ఒప్పుకుంటాడు.

పెళ్లి కుదరకపోతే ఏమవుతుందో అదే రచయిత ‘సలమేయా న్యాయాధికారి’లో చూడండి. కూతుర్ని చెరిచిన సైన్యపు కెప్టెన్‌కు రైతు పేద్రో క్రెస్పో ఆస్తంతా ఇస్తాను, పెళ్లి చేసుకోమని మోకాళ్ల మీద వేడుకుంటాడు. వాడు కాదనగానే ఊరి న్యాయాధికారిగా పట్టి బంధించి, మరణశిక్ష అమలు చేస్తాడు. ఆస్తి, ప్రాణం రాజుకివ్వాలి, గౌరవం మాత్రం ఆత్మ సొత్తు, ఆత్మ దేవుడిదే అన్న ప్రసిద్ధ మాట ఈ క్రెస్పోదే. అంతా అయ్యాక ఫిలిప్ రాజు ఆ శిక్షను సమర్థిస్తాడు. కూతురు ఇసబెల్ మాత్రం సన్యాసినుల మఠానికే వెళ్లాలి.