చట్టాలు తయారయ్యే చోట పని చేయాలంటే ఎంపీయే కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి రాజమహేంద్రవరంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. ఏడాదిగా సంసద్ టీవీ, బిల్లులు, కమిటీలు... ఇదే ధ్యాస. సాఫ్ట్‌వేర్ వద్దు, చట్టాలు తయారయ్యే చోట పని చేస్తానంటోంది. మాది రాజకీయ కుటుంబం కాదు, ఎన్నికల్లో నిలబడే స్తోమతా లేదు. ఇందులో ఉద్యోగాలంటూ ఉంటాయా? చదువు మధ్యలో ఆపేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, ఉద్యోగాలు ఉన్నాయి. బీటెక్ ఆపాల్సిన అవసరమూ లేదు. పైగా ఆ డిగ్రీయే రేపు మీ అమ్మాయికి అక్కరకొస్తుంది.

చట్టానికి ఓటు వేసేది ఎంపీలే. లోక్‌సభలో 543 స్థానాలు, రాజ్యసభలో 245. అయితే బిల్లు ఆ ఓటింగ్ దాకా వచ్చేలోపు దాన్ని రాసేవాళ్లు, చదివి లోపాలు పట్టేవాళ్లు, సభ్యులకు ప్రశ్నలు అందించేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు ఎన్నికలతో పని లేదు. మీ అమ్మాయి మనసు పడింది ఆ పని మీదేనని నాకు అనిపిస్తోంది.

ఆమె చదువుకు దగ్గరగా ఉన్న డేటా రక్షణ చట్టాన్నే తీసుకుందాం. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అంతకు కొద్ది రోజుల ముందే కేంద్రం మన సమాచార రక్షణకు చట్టం ఎలా ఉండాలో చెప్పమని జస్టిస్ శ్రీకృష్ణ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. తెలంగాణ అంశంపై 2010లో వేసిన కమిటీతో మనందరికీ తెలిసిన శ్రీకృష్ణ గారే ఈయన. 2018లో ముసాయిదా వచ్చింది, 2019 డిసెంబరులో బిల్లు లోక్‌సభకు చేరింది. దాన్ని 20 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులున్న సంయుక్త కమిటీకి పంపారు. కమిటీ రెండేళ్లు కూర్చుని 81 సవరణలు సూచించింది. ఇన్ని మార్పులు పెట్టుకునే బదులు కొత్తగా రాద్దామని ప్రభుత్వం 2022 ఆగస్టులో ఆ బిల్లును వెనక్కి తీసుకుంది. చివరికి 44 సెక్షన్ల చిన్న బిల్లును 2023 ఆగస్టు 3న ప్రవేశపెట్టారు. 7న లోక్‌సభ, 9న రాజ్యసభ ఆమోదించాయి. 11న రాష్ట్రపతి సంతకం పడింది.

ఈసారి బిల్లును కమిటీకి పంపలేదు. పంపి ఉండాల్సిందన్నది నా అభిప్రాయం. సభలో పార్టీ విప్‌కు, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, కట్టుబడి ఓటు వేయాలి, కమిటీ గదిలో ఆ కట్టుబాటు ఉండదు. అక్కడ అధికారులను, నిపుణులను పిలిచి అడుగుతారు. ప్రజల నుంచీ రాతపూర్వకంగా అభిప్రాయాలు తీసుకుంటారు. శాఖలవారీగా ఇలాంటి స్థాయీ సంఘాలు (స్టాండింగ్ కమిటీలు) 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది సభ్యులు. పార్లమెంటు పని అంటే టీవీలో కనిపించే గొడవే అనుకునేవాళ్లు ఈ సంఘాల నివేదికలు ఒకటి రెండు చదివితే బాగుంటుంది.

ఇక ఉద్యోగాలు. బిల్లు పాఠాన్ని న్యాయశాఖలోని లెజిస్లేటివ్ డిపార్ట్‌మెంట్ రాస్తుంది. ఏ శాఖ బిల్లు అయినా అక్షరరూపం వచ్చేది అక్కడే. అందులో అధికారి కావాలంటే లా డిగ్రీ, ఆపైన కొన్నేళ్ల అనుభవం ఉండాలి. ఎంపిక యూపీఎస్సీ ద్వారా జరుగుతుంది. రాజ్యాంగం 98వ అధికరణ ప్రకారం ఉభయ సభలకూ వేర్వేరు సచివాలయాలున్నాయి. కమిటీల పనులు చూసేవాళ్లు, పరిశోధకులు, సభలో ప్రతి మాటనూ రాసుకునే రిపోర్టర్లు, అనువాదకులు ఈ సచివాలయాల్లోనే ఉంటారు. వెంకయ్యనాయుడు గారు రాజ్యసభ చైర్మన్‌గా ఉన్నప్పుడు, 2018 నుంచి, సభ్యులు రాజ్యాంగంలోని 22 భాషల్లో దేనిలోనైనా మాట్లాడే వీలు వచ్చింది. ఆ ప్రసంగాలను అప్పటికప్పుడు అనువదించేవాళ్లు కావాలి కాబట్టి తెలుగు, ఇంగ్లిష్ రెండూ ధారాళంగా వచ్చినవాళ్లకు అదీ ఒక దారే. కాకపోతే ఈ శాశ్వత పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో చెప్పలేం. వీటినే నమ్ముకుని కూర్చోమని నేను చెప్పను.

మీ అమ్మాయికి నేను ముందుగా చెప్పేది ల్యాంప్ ఫెలోషిప్. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ దీన్ని నడుపుతోంది. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు, వయసు మాత్రం 25 దాటకూడదు. ఎంపికైనవాళ్లు వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర పని చేస్తారు. బిల్లు చదివి ఎంపీకి వివరించడం, ప్రశ్నోత్తరాల సమయానికి ప్రశ్నలు రాయడం, ప్రసంగానికి సమాచారం సేకరించడం ఆ పనిలో ఉంటాయి. పోటీ గట్టిగా ఉంటుంది. అక్కడ ఇచ్చే స్టైపెండ్ చూసి సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చకండి. ఆ ఏడాది అనుభవం చేతిలో ఉంటే విధాన పరిశోధన సంస్థలు, కంపెనీల పాలసీ విభాగాలు పిలిచి మాట్లాడతాయి.

న్యాయశాస్త్రం చదవాలనిపిస్తే ఇప్పుడేమీ మించిపోలేదు. బీటెక్ తర్వాత ఏపీ లాసెట్ ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరవచ్చు. కంప్యూటర్లూ చట్టమూ రెండూ తెలిసినవాళ్లకు డేటా రక్షణ చట్టం వల్లే కంపెనీల్లో పని పెరుగుతోంది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు మాత్రం హాజరు కమ్మనండి. ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసినా ఫెలోషిప్ వయసులోపే ఉంటుంది, ఢిల్లీ ఖర్చులకు కాస్త డబ్బూ వెనకేసుకుంటుంది. ఈ సెలవుల్లో 2019 నాటి బిల్లును, 2023 చట్టాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవమనండి. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏం తీసేశారు, ఏం మిగిల్చారు, దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది రెండు పేజీల్లో రాయాలి, తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి. తర్వాత ఆ పేజీలు మీరు చదవండి. మీకు అర్థం కాని చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టి వెనక్కి ఇవ్వండి. విసుక్కోకుండా తిరగరాసి తెచ్చిందంటే ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి.