ఒకే కామిక్ క్యారెక్టర్ గేమ్‌లో ఒకలా, టీవీలో ఇంకోలా ఎందుకుంటుంది?

ముఖ్యంగా ఆ మీడియంకి ఏం కావాలో దాన్నిబట్టి మారుస్తారండి. ఫైటింగ్ గేమ్ తీసుకోండి, అందులో హీరోలు ఒకరినొకరు కొట్టుకోవాలి, మరి సూపర్‌మ్యాన్ లాంటి మంచోడు బ్యాట్‌మ్యాన్‌తో ఎందుకు కొట్టుకుంటాడు? అందుకే 2013లో వచ్చిన ఇన్‌జస్టిస్ గేమ్‌లో జోకర్ అనే విలన్ మోసం చేసి సూపర్‌మ్యాన్ భార్య లోయిస్‌ని అతని చేతుల్తోనే చంపించేస్తాడు, ఆ బాధలో వీడు నియంత అయిపోతాడు. ఇది వేరే లోకం కథ, అసలు కామిక్స్‌లో సూపర్‌మ్యాన్ అలా మారిపోలేదు.

టీవీలో ఒక్కోసారి మార్పు వల్ల క్యారెక్టర్ బాగుపడుతుంది కూడా. బ్యాట్‌మ్యాన్ విలన్ మిస్టర్ ఫ్రీజ్ 1959లో కామిక్స్‌లో మిస్టర్ జీరో అనే పేరుతో వచ్చిన మామూలు ఐస్ గన్ విలన్, ఫ్రీజ్ అన్న పేరే 1960ల బ్యాట్‌మ్యాన్ టీవీ షో నుంచి వచ్చింది. 1992 బ్యాట్‌మ్యాన్ యానిమేటెడ్ సిరీస్‌లో జబ్బుపడిన భార్య నోరాని బతికించుకోవాలని తపించే మనిషిగా చూపించారు, అది ఎంత బాగా కుదిరిందంటే తర్వాత కామిక్స్ వాళ్లే ఆ కథ తీసేసుకున్నారు. నాకైతే విలన్‌ని మార్చడం అంటే ఇలా ఉండాలి అనిపిస్తుంది. జోకర్ తోడుదొంగ హార్లీ క్విన్ కూడా అదే సిరీస్‌లో పుట్టి కామిక్స్‌లోకి వెళ్లింది.

ఇక చూసేవాళ్ల వయసు కూడా ముఖ్యమే. 2003లో వచ్చిన టీన్ టైటన్స్ కార్టూన్‌లో సీరియస్‌గా కనిపించే రాబిన్ (బ్యాట్‌మ్యాన్ శిష్యుడు), 2013 టీన్ టైటన్స్ గోలో పూర్తి కామెడీ క్యారెక్టర్, డబ్బింగ్ చెప్పింది మాత్రం ఆ పాత నటుడే.