ఊరి గురించి చదివితే ఊళ్లోనే ఉండిపోతుందా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గరి పల్లె. అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. పూర్తి చేసింది. డిగ్రీలో ఎకనామిక్స్, తర్వాత గ్రామీణాభివృద్ధిలో పీజీ చేస్తానంటోంది. బంధువులంతా కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమంటున్నారు. మా ఆవిడ పొదుపు సంఘంలో అప్పు తెచ్చి ఇంటర్ ఫీజు కట్టింది. ఊరు దాటించాలని చదివిస్తే మళ్లీ ఊరి చదువేమిటి? రెండింటిలో ఏది మేలు?

జవాబు: అయ్యా, మెట్ట సేద్యంలో మీరు పడ్డ అవస్థ బిడ్డకు వద్దనుకున్నారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి ఇదే దిగులుతో ఎందరో నన్ను అడిగారు, అందులో తప్పేమీ లేదు. అయితే మీ సేద్యం ఎందుకు గిట్టుబాటు కావడం లేదో తేల్చే చదువునే మీ అమ్మాయి కోరుకుంటోంది.

పెన్నా నీరు పారే కోవూరు మాగాణికీ, వాన కోసం ఎదురుచూసే మీ మెట్టకూ ఉన్న తేడా మీకు తెలిసిందే. కానీ ప్రకృతి ఇచ్చినదొక్కటే పల్లెను నిలబెట్టదు. ఒంగోలు దగ్గరి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఓడలెక్కి విదేశాలకు వెళ్తోంది. ఆ రాతి విలువలో క్వారీ పక్క పల్లెకు ఎంత దక్కాలో తేల్చవలసింది మనుషులే. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల చేతిలో గనులూ కాలువలూ లేవు. అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్న అలవాటూ, ఒకరి మీద ఒకరికి కుదిరిన నమ్మకమూ ఉన్నాయి. ఆ బలంతో వారు సారాకు ఎదురు నిలిచారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అక్కడి నుంచే, రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమం మన జిల్లాలో వేళ్లూనుకుంది. మీ అమ్మాయి ఫీజుకు తెచ్చిన అప్పు ఆ పరంపరలోనిదే. ఇలా ఒకరినొకరు నమ్మి కలిసి నిలిచే బలాన్నే సామాజిక వనరు అంటారు. దాని ఫలం మీ ఇంట్లో అనుభవిస్తూ, దాన్ని చదువుతానన్న బిడ్డను తక్కువ చేయడం సబబు కాదు.

కంప్యూటర్ సైన్స్ విషయంలో నా సందేహాలను దాచుకోను. కాలేజీలు మిగతా బ్రాంచీలను కుదించి ఆ సీట్లు పెంచుకుంటూ పోయాయి. కంపెనీలు మాత్రం కొత్తవారిని ఒక ఏడాది గంపగుత్తగా తీసుకుని, మరుసటి ఏడాది తలుపులు మూస్తున్నాయి. ఇష్టంతో చదివినవారు ఎలాగో నిలదొక్కుకుంటారు. బంధువుల మాట మీద చేరి, యాజమాన్య కోటా కోసం పొలం తాకట్టు పెట్టించి, నాలుగేళ్ల తర్వాత అమీర్‌పేటలో మళ్లీ కోచింగ్‌కు చేరిన పిల్లలను చాలామందిని చూశాను. వారి ముఖాలు గుర్తొచ్చినప్పుడల్లా ఆ తల్లిదండ్రుల మీద కోపం వస్తుంది. మీ లేఖలో కూడా బంధువుల మాట ఉంది గానీ, అమ్మాయి ఎందుకు ఆ చదువు కోరుతోందో ఒక్క వాక్యం లేదు. మీరు అడిగి ఉండరు.

గ్రామీణాభివృద్ధి రంగంలో మొదటి జీతం తరచుగా తక్కువే, తిరుగుడు ఎక్కువ. అయినా రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, సహకార డెయిరీలు, వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డ్, వాన నీటిని నిలిపే వాటర్‌షెడ్ పథకాలు, స్వచ్ఛంద సంస్థలు ఈ చదువు ఉన్నవారిని వెతుక్కుంటాయి. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో మొదలైన గ్రామీణ యాజమాన్య విద్యాసంస్థ ఇర్మాలో ఏ డిగ్రీ చేసినవారైనా పీజీకి పోటీపడవచ్చు కనుక, ఇప్పుడు ఎకనామిక్స్ తీసుకుంటే దారులు మూసుకుపోవు. దిగులు పడకండి.

ఫీజు కట్టేముందు అమ్మాయిని వాళ్లమ్మ వెళ్లే సంఘం సమావేశానికి నాలుగు వారాలు పంపండి. అప్పుల పుస్తకం ఆమె చేత చదివించి, తనకేమి అర్థమైందో మీరు కూర్చుని వినండి. ఆ తర్వాత ఆమెనే నాకు రాయమనండి.